లాకప్ మరణాలు: ఖజానా కడుతుంది, మరి ఖాకీ?

1947లో మీరట్ పోలీసులు అమృత్‌సర్ వ్యాపారి ఒకరిని పట్టుకుని ఆయన బంగారం స్వాధీనం చేసుకున్నారు. స్టేషన్‌లో భద్రంగా ఉండాల్సిన ఆ బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు ఉడాయించాడు. వ్యాపారి దావా వేస్తే, అరెస్టు, జప్తు సార్వభౌమాధికారం (రాజ్యానికి మాత్రమే ఉండే అధికారం) కిందికి వస్తాయి కాబట్టి ప్రభుత్వం కట్టనక్కర్లేదని 1964లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే కస్తూరీలాల్ కేసు. బంగారం గొడవలో వచ్చిన ఈ తీర్పే, తర్వాత కస్టడీలో మనిషి పోయిన కేసుల్లోనూ ప్రభుత్వాలకు కవచమైంది.

ఆ కవచం పనికిరాదని చెప్పించిన కేసుల్లో ఒకటి మన అప్పటి కర్నూలు జిల్లాది. 1977 మేలో ఓ రాత్రి కోయిలకుంట్ల సబ్ జైలుపై బాంబులు పడ్డాయి. తర్వాత ఎమ్మెల్యే అయిన చల్లా రామకృష్ణారెడ్డి, ఆయన తండ్రి అప్పుడు లోపలే ఉన్నారు. తండ్రి చనిపోయారు. చంపింది పోలీసులు కాదు, నిజమే. కానీ ప్రాణభయం ఉందని ముందే చెప్పినా సరైన కాపలా పెట్టలేదు. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు రూ.1,44,000 ఇప్పించింది. ప్రాణం పోయినచోట సార్వభౌమాధికారం సాకు చెల్లదంటూ సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 2000వ సంవత్సరం వచ్చింది.

ఈలోగా ఒడిశా నుంచి ఒక తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1987 డిసెంబర్ 1న పోలీసులు తీసుకెళ్లిన కొడుకు మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. పారిపోయాడన్నారు పోలీసులు. కోర్టు నమ్మలేదు. 1993లో, నీలబతి బెహరా కేసులో, లక్షన్నర పరిహారం ఇప్పించింది. 1996లో డి.కె. బసు తీర్పు అరెస్టుకు 11 నిబంధనలు పెట్టింది.

డబ్బు దారి అలా తెరుచుకుంది. శిక్ష దారి వేరు. స్టేషన్‌లో జరిగినదానికి సాక్షులు పోలీసులే. తోటివాడి మీద ఎవరు చెబుతారు? ఈ చిక్కును సుప్రీంకోర్టు 1985లోనే రామ్‌సాగర్ యాదవ్ కేసులో ఎత్తిచూపింది. కస్టడీలో గాయపడితే ఆ గాయం పోలీసులు చేసిందేనని కోర్టు భావించవచ్చంటూ సాక్ష్య చట్టంలో 114బి సెక్షన్ చేర్చమని అదే ఏడాది లా కమిషన్ 113వ నివేదికలో సిఫార్సు చేసింది. 2024 జూలైలో పాత చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులోనూ ఆ సెక్షన్ లేదు.