సముద్రం మీద బోర్లించిన గంప

కళింగపట్నం,
మే 3.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీరు విశాఖపట్నం వెళ్ళిపోయిన నాటి నుంచి ఇల్లు బోసిపోయింది. వెళ్ళే ముందు రోజు సాయంత్రం, వంశధార సముద్రంలో కలిసే చోట, ఇసుక మీదికి లాగి పెట్టిన పడవల వరుసను చూసి చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. "సముద్రం ఎవరిదీ కాదు కదా తాతయ్యా, మరి అందులో చేపలు పట్టవద్దని ప్రభుత్వం ఎలా అంటుంది?" అని. చీకటి పడుతోందని అప్పుడు మాట దాటవేశాను కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దవాళ్ళు కూడా అంత సూటిగా అడగని ప్రశ్న అది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన తూర్పు తీరంలో ప్రతి ఏడాదీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, ఇంజను ఉన్న ఏ పడవా వేటకు వెళ్ళకూడదు. సముద్రంలో చాలా రకాల చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమిది. ఇదివరకు ఈ విరామం 47 రోజులే ఉండేది. 2015లో 61 రోజులకు పెంచారు. దీనికి ఆధారం మన రాష్ట్రం 1994లో చేసిన సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం.

చట్టం గురించి చెప్పాలంటే నాకు మా మామ్మ కోడిపెట్ట గుర్తుకొస్తుంది. మామ్మ పాత తట్టలో గడ్డి పరిచి, పదకొండు గుడ్లు సర్ది, పెట్టను పొదగడానికి కూర్చోబెట్టి, పైన వెదురు గంప బోర్లించేది. ఇరవై ఒక్క రోజులు ఆ మూల వైపు ఎవరూ వెళ్ళకూడదు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, గంప ఎత్తి ఒక గుడ్డు తీసుకొని, పొయ్యి దగ్గర పగలగొట్టాను. లోపల నేను అనుకున్న పచ్చసొన కాదు. సన్నటి ఎర్రని నరాలు సాలెగూడులా అల్లుకొని, నడుమ నల్లటి చుక్కలా కన్ను ఉన్న చిన్న ప్రాణి ఉంది. డెబ్బై ఏళ్ళు కావస్తున్నా ఆ కన్ను నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మామ్మ నన్ను కొట్టలేదు. "ఆకలేస్తే నన్ను అడగొచ్చు కదరా" అని మాత్రం అన్నది. ఆ రోజు నుంచి పిల్లలు బయటికి వచ్చేదాకా, గుడ్డుకు బదులుగా ప్రతి మధ్యాహ్నం నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టింది.

ఈ 61 రోజులూ సముద్రం మీద బోర్లించిన గంప అనుకోండి. వేసవిలో గుడ్లతో నిండుగా ఉన్న ఒక చేపను పట్టామంటే, ఒక చేపను పట్టినట్టు కాదు; దాని కడుపులోని వేలాది గుడ్లను కూడా ఒడ్డుకు లాక్కొచ్చినట్టు.

అయితే మామ్మ గంపకూ చట్టపు గంపకూ ఒక పెద్ద తేడా ఉంది, చిన్నదాని ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. కోడి మామ్మది, కాబట్టి మామ్మ మాటే చాలింది. సముద్రం ఏ ఒక్కరిదీ కాదు. నేను ఈ రోజు వేట మానుకుంటే, నేను వదిలిన చేపను పక్క ఊరి పడవ పట్టుకుపోతుంది. అందుకే ఒక్కడు మానడు, ఒక్కడు మానడు కాబట్టి ఎవరూ మానరు. అందరూ ఒకే రోజు మానాలంటే, అందరికీ కలిపి ఒక మామ్మ కావాలి. ఎవరిదీ కాదు కాబట్టే అమ్మా ఈ చట్టం, ఎవరిదో అయినందువల్ల కాదు.

ఆ మామ్మ పెత్తనం ఎంత దూరం సాగుతుందనేది రాజ్యాంగం పంచిపెట్టింది. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు చేపల వేటకు నియమాలు చేసేది రాష్ట్రం. ఆ పైన 200 నాటికల్ మైళ్ళ వరకు కేంద్రం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా వస్తుందని మనకు తెలుసు కానీ కవళ్ళనే చేపలకు తెలియదు. అందుకే మనకూ ఒడిశాకూ తమిళనాడుకూ విరామం తేదీలు ఒకటే. పడమటి తీరంలో మాత్రం సాధారణంగా జూన్ 1 నుంచి జూలై 31 వరకు. మన జిల్లా నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి వెళ్ళి పడవలెక్కే వాళ్ళు ఆ నెలల్లోనే ఇంటి ముఖం చూస్తారు. ఏడాదిలో తండ్రి ఎప్పుడు వస్తాడనేది కూడా చేపల గుడ్ల కాలాన్ని బట్టే తేలే ఇళ్ళు ఈ తీరంలో ఉన్నాయి, పిల్లలూ.

పెద్దవాడు ఆ సాయంత్రం దూరంగా తెడ్డు వేసుకుంటూ పోతున్న తెప్పను చూపించి, "అతనికి చట్టం లేదా?" అని అడిగాడు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకూ నావలకూ ఈ విరామం వర్తించదు. నా చిన్నతనంలో ఇక్కడ ఉన్నవన్నీ అవే. దుంగలను కలిపి కట్టిన తెప్ప, నూలు వల. ఆ వల కుళ్ళకుండా చెట్ల బెరడు ఉడికించిన కషాయంలో ముంచి, ఇసుక మీద ఆరబెట్టేవారు. బడి నుంచి వచ్చేటప్పుడు ఆ వగరు వాసన ఊరి బయటి దాకా వచ్చేది. సముద్రం పొంగితే తెప్ప ఒడ్డునే ఉండేది, మనిషి అలిసిపోతే వల ఇంట్లోనే ఉండేది. అప్పుడు చట్టం లేకపోయినా చేప బతికింది, ఎందుకంటే మనిషి చేయి పొట్టిది. నైలాను వల, ఇంజను, ఐసు పెట్టె వచ్చాక చేయి పొడుగైంది, గంప అవసరమైంది.

మామ్మ ఇంకో పని చేసేది. పిల్లలు బయటికి వచ్చాక, చిన్న గంపను రాయి మీద కాస్త ఎత్తి, దాని కింద నూకలు చల్లేది. కోడిపిల్లలు దూరి తినేవి. పుంజు తల కూడా పట్టేది కాదు. మన రాష్ట్ర నియమాల్లోనూ అలాంటిదొకటి ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీరు చిన్న పడవల వారిది, మర పడవలు ఆ అవతలే వేటాడాలి. ఏడాది పొడవునా ఉండే ఈ నియమం నాకు వేసవి విరామం కన్నా గొప్పదనిపిస్తుంది. అదే సమయంలో, కాగితం మీద గీత గీసినంత తేలికగా నీటి మీద గీత నిలబడదు. రాత్రి పూట పెద్ద బోట్లు లోపలికి వచ్చి తమ వలలను తెంపుకుపోయాయని చెప్పుకొనే వాళ్ళను నేను నా అరుగు మీదే కూర్చోబెట్టి విన్నాను.

ఇక బెల్లం ముక్క సంగతి. విరామం పాటించే మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019 నుంచి అది 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు. మంచిదే. కానీ అది వేటకు వెళ్ళే పురుషుడి పేరున వస్తుంది. తట్ట నెత్తిన పెట్టుకొని, తెల్లవారకముందే చెప్పుల్లేకుండా నడిచి, మన వీధిలో "చేపలమ్మో" అని కేక వేసే ఆమెకు కూడా ఈ 61 రోజులూ పని లేదు. ఆమె పేరున ఏమీ లేదు. మొన్న మన గుమ్మం ముందు నుంచే వెళ్తూ, ఈ నెల ఎండుచేపలే ఉన్నాయని చెప్పి వెళ్ళింది. బెల్లం పంచేటప్పుడు మామ్మ మూలన కూర్చున్న పిల్లను కూడా చూసేది.

నా పోలిక అన్ని చోట్లా అతకదని నాకు తెలుసు. కోడి గుడ్ల మీద కూర్చుంటుంది. చాలా చేపలు గుడ్లను నీటిలో వదిలి వెళ్ళిపోతాయి, కాపలా ఎవరూ ఉండరు. చీకటి నీటిలో, కంటికి ఆనని కోటానుకోట్ల గుడ్లు ఈ క్షణాన మన తీరం వెంట తేలుతున్నాయి. ఈ ఉత్తరం రాస్తున్న అరుగు మీదికి అలల హోరు వినిపిస్తోంది, ఆ హోరు కింద అదంతా జరుగుతోంది. దీన్ని మీకు ఇంతకన్నా వివరించడం నాకు రాదు.

మీరు మాత్రం ఒక పని చేయండి. మన నియమాల్లో వల కన్ను 15 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఉండకూడదని ఉంది. స్కేలు పెట్టి, అట్టముక్క మీద అంత చదరం గీసి కత్తిరించండి. అందులోంచి మీ ఏ వేలు పోతుందో, ఎంత చేపపిల్ల పోతుందో చూడండి. ఆ అట్టముక్కను పారేయకండి. జూన్ 14 అర్ధరాత్రికి ముందే మీ నాన్నను వెంటబెట్టుకొని ఇక్కడికి రండి. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పడవలను నీళ్ళలోకి నెట్టే వేళ, ఒడ్డున కుప్పగా ఉన్న వలల దగ్గర దాన్ని పెట్టి చూద్దాం.

మీ తాతయ్య.