తలా కాళ్లూ ఉన్నాయి, ఒళ్లేది?

"తోలు మట్టిలో కుళ్లిపోతుంది కదా, నాలుగైదు వందల ఏళ్ల కిందట ఫలానా చోట తోళ్లు ఊనేవాళ్లని (అంటే పచ్చి తోలు కుళ్లకుండా పదును పట్టేవాళ్లని) ఎట్లా చెబుతారు?" అని ఒక పాఠకుడు అడిగారు. తోళ్లు నానబెట్టిన గుంటలు దొరుకుతాయి, సరే. కానీ గుంట అన్నాక అద్దకంవాళ్లదీ కావచ్చు, ధాన్యం పాతరా కావచ్చు. నన్నడిగితే గుంట కంటే దాని పక్కన పారేసిన ఎముకలే ఎక్కువ మాట్లాడతాయి.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో ‘ది గ్రీన్’ అనే చోట 15వ శతాబ్దం చివరి నుంచి 17వ శతాబ్దం దాకా నడిచిన తోళ్ల దొడ్డిని తవ్వారు. ఇలాంటి దొడ్లలో సాధారణంగా కొమ్ములు, కాలి కింది ఎముకలు కుప్పలుగా వస్తాయి. పక్కటెముకలు, తొడ ఎముకలు వెతుక్కోవాలి. తిని పారేసిన చెత్త అయితే లెక్క తిరగబడేది. కసాయి ఒలిచిన తోలును కొమ్ములతో, గిట్టలతో సహా అమ్మేవాడు. దొడ్డికొచ్చాక వాటిని కోసి అక్కడే పడేసేవాళ్లు. ఒళ్లు వంటింటికి పోయింది, తలా కాళ్లూ తోలు వెంట వచ్చాయి.

కొమ్ము అన్నాను గానీ, దొరికేది నిజానికి కొమ్ము లోపలి ఎముక. ఎద్దులు పొడుచుకుంటే పైచిప్ప ఊడిపోయి, లోపల మొద్దు నెత్తురోడుతూ బయటపడటం పల్లెల్లో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. ఆ చిప్ప కెరటిన్, మన గోరులాంటిది. దువ్వెనలు, లాంతరు రేకులు చేసేవాళ్లు దాన్ని కొనుక్కుపోయేవాళ్లు. మొద్దు ఎవరికీ అక్కర్లేక మట్టిలో మిగిలింది. దాని పొడవు, మొదట్లో చుట్టుకొలత, పైన గరుకు చూస్తే ఎద్దా ఆవా, లేతదా ముదురుదా అన్నది చాలావరకు తేలుతుంది.

అయితే దువ్వెనలవాడి చెత్తలోనూ ఇవే మొద్దులుంటాయి. అందుకని గుంట అడుగు గోకాలి: సున్నం తెట్టు ఉందా? బెరడు ముక్కలున్నాయా? సున్నం నీళ్లలో తోలు వెంట్రుకలు వదిలేస్తుంది. తర్వాత కుక్కపెంటో పావురాల రెట్టో కలిపిన నీళ్లలో నానబెడితే ఎంజైములు దాన్ని మెత్తబరుస్తాయి. ముక్కు మూసుకోకండి, ఆ పెంటకు బదులు పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములు వాడొచ్చని కనిపెట్టిన జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ 1907లో ఏకంగా కంపెనీయే పెట్టాడు. గాజులా కనిపించే ప్లాస్టిక్ ప్లెక్సీగ్లాస్ తర్వాత ఆ కంపెనీ నుంచే వచ్చింది!

చివరిది బెరడు నీళ్ల గుంట, మన దగ్గర లంద. అక్కడ ఓకు బెరడు, ఇక్కడ తంగేడు. బతుకమ్మలో పేర్చే పచ్చని పువ్వు ఏ చెట్టుదో, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఓడలెక్కిన తోళ్లను ఊనిన బెరడూ దానిదే. తోలులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ మూడు పేటల తాడు లాంటిది. బెరడులోని వగరు పదార్థం టానిన్ ఆ తాళ్ల మధ్య నీళ్లున్న చోట దూరి, హైడ్రోజన్ బంధాలతో వాటిని ఒకదానికొకటి కట్టేస్తుంది. పచ్చి తోలు 60–65 డిగ్రీల వేడినీళ్లలో ముడుచుకుపోతే, బెరడుతో ఊనినది 75–85 దాకా తట్టుకుంటుంది. బ్యాక్టీరియాకు కొరుకుడు పడదు. గాలి చొరని తడి బురదలో అయితే వందల ఏళ్లు ఉంటుంది. కానీ బాగా పులుపు నేల ఎముకను కరిగించేస్తుంది, సున్నపు నేల తోలును ఉండనివ్వదు. తగిన నేల పడితే తప్ప రెండూ కలిసి దొరకవు.

ఇంత రసాయనం చేతివేళ్లతో తెలిసినవాళ్లను మైల అని ఊరవతల పెట్టాం. టానిక్ ఆమ్లం సూత్రం బోర్డు మీద రాసే మాస్టార్లు లంద పేరెత్తగా నేనైతే వినలేదు.

ఇంకో తిరకాసుంది. 17, 18 శతాబ్దాల్లో తూర్పు లండన్‌లో ఈ కొమ్ము మొద్దులనే వరసలుగా పేర్చి, ఇటుకలకు బదులు గుంటలకు లోపలి గోడలు కట్టుకున్నారు. అలాంటి గుంట బయటపడితే ఆ కొమ్ములు ఆ దొడ్డివే కానక్కర్లేదు, నాలుగు వీధుల అవతలి నుంచి బండి మీద వచ్చినవి కావచ్చు. మళ్లీ సున్నం తెట్టు కోసం అడుగు గోకాల్సిందే.