దొదోనా: సీసపు రేకుల మీద సామాన్యుల ప్రశ్నలు

ప్రాచీన గ్రీస్‌లో ఆగిస్ అనే ఆయన ఇంట్లో దుప్పట్లు, దిండ్లు మాయమయ్యాయి. బయటివాళ్లెవరైనా ఎత్తుకుపోయారా అని గ్రీకుల ప్రధాన దేవుడు జ్యూస్‌నే అడిగాడు. లిసానియాస్‌కు అంతకన్నా పెద్ద టెన్షన్: అన్నీల అనే ఆమె కడుపులో ఉన్న బిడ్డ తనది కాదా? ఈ ప్రశ్నలను పల్చటి సీసపు రేకుల మీద గీసి రాసుకున్నారు. ఇలాంటి రేకులకే 2023లో యునెస్కో 'మెమరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో చోటు దక్కింది.

అవి దొరికింది దొదోనాలో. జనం జ్యూస్‌ను ప్రశ్నలడిగి జవాబు కోరే ప్రాచీన గ్రీకు పుణ్యక్షేత్రం అది. వాయవ్య గ్రీస్‌లోని ఎపిరస్ ప్రాంతంలో, తోమారోస్ కొండ కింద ఉందది. ఇలాంటిదే అయిన మరో గ్రీకు క్షేత్రం డెల్ఫీకి ఉన్నంత పేరు దీనికి లేదు కానీ, మామూలు మనుషుల గుండెల్లో ఏముందో తెలుసుకోవాలంటే నేను ఇక్కడికే వస్తాను. గొర్రెలు పెంచితే లాభమా, పెళ్లి చేసుకోవచ్చా, బానిసత్వం నుంచి బయటపడతానా... అన్నీ అడిగారు. జవాబులు మాత్రం చాలా కొద్దిగానే దొరికాయి.

ఇక్కడ జ్యూస్ పలికేది ఓక్ చెట్టు ఆకుల సవ్వడిలో అని నమ్మేవారు. గ్రీకు మహాకవి హోమర్ 'ఇలియడ్'లోనే ఈ చోటు ప్రస్తావన ఉంది: కాళ్లు కడుక్కోని, నేల మీదే పడుకునే పూజారులు సెల్లోయి. ఈజిప్టు నుంచి ఎగిరొచ్చిన నల్ల పావురం ఆ చెట్టు మీద వాలి మనిషి గొంతుతో మాట్లాడిందని పూజారిణులు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌కు చెప్పారు. ఆయన దాన్ని అలాగే నమ్మలేదు. అక్కడి నుంచి తెచ్చి అమ్మేసిన ఒక స్త్రీ అయి ఉంటుంది, ఆమె భాష అర్థంకాక పిట్ట కూతలా వినిపించి ఉంటుంది అన్నాడు. ఎంత చక్కటి ఊహ!

తర్వాత ఎపిరస్‌ను ఏలిన పిర్రస్ రాజు కాలంలో వేలమంది పట్టే రంగస్థలం కట్టారు. క్రీ.పూ. 219లో ఏటోలియన్లు అనే మరో గ్రీకు తెగ, 167లో రోమన్లు దొదోనాను ధ్వంసం చేశారు. క్రీ.శ. 4వ శతాబ్దం చివర్లో క్రైస్తవం రాజ్యమతమయ్యాక ఆ పవిత్ర వృక్షాన్నీ కొట్టేశారు. 1870లలో కరపనోస్ తవ్వించేదాకా ఆ చోటు ఎక్కడుందో కూడా రూఢి కాలేదు.

పాత ప్రశ్న చెరిపి అదే రేకు మీద కొత్తది రాసేవారు. అందుకే చదవడం అంత కష్టం. దకారిస్, వొకొతొపులూ, క్రిస్తిదిస్ అనే ముగ్గురు పరిశోధకులు ఏళ్ల తరబడి కూర్చుని 4,200కు పైగా రాతలు చదివారు. 2013లో పుస్తకం వచ్చేసరికి ముగ్గురిలో ఎవరూ బతికిలేరు.