మోటర్‌హోమ్ లేఅవుట్: బెర్తులు లెక్కపెట్టి కొనేవాళ్లకు కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో క్యాంపర్ వ్యాన్లకు, అంటే లోపలే పడుకుని వండుకు తినే మోటర్‌హోమ్ బండ్లకు, లోపలి అమరిక గీసిచ్చే పని నాది. ఫోన్ చేసినవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఇందులో ఎంతమంది పడుకోవచ్చు?" నేను తిరిగి అడిగేవి వేరు. రోజుకు ఎన్ని గంటలు నడుపుతారు? ఒక్కచోట ఎన్ని రాత్రులు ఉంటారు? పొద్దున అందరికంటే ముందు లేచేది ఎవరు? వీటికి జవాబు దొరికితే మంచం ఎక్కడ పడాలో, వంటగట్టు ఎటు ఉండాలో చాలావరకు తేలిపోతుంది. యూట్యూబులో జర్మనీ వాళ్ల వ్యాన్ చూసి అచ్చం అదే కావాలని పట్టుబట్టేవాళ్లతోనే నాకు పేచీ.

అపోహ: పడకలు ఎన్ని ఎక్కువుంటే పెద్ద కుటుంబానికి అంత మంచిది.

ముందు సీట్లు లెక్కపెట్టండి, పడకలు తర్వాత. ఆరు బెర్తులున్న బండిలో ముందుకు చూసే, బెల్టున్న సీట్లు నాలుగే ఉంటే అది నలుగురి బండే. మిగతా ఇద్దరు పక్కవాటు సోఫాలో కూర్చోవాలి. సడన్ బ్రేక్ పడితే వాళ్లను ఆపేది ఏమీ ఉండదు. నడుస్తున్న బండిలో మంచమెక్కి పడుకోవడం అంతకన్నా ప్రమాదం. "పిల్లలు వెనక పడుకుంటారులే" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నేను మాత్రం ఒప్పుకోను.

ఇంకో సంగతి. అత్తమామలు ఏడాదికోసారి తిరుపతికి మాత్రమే వస్తారనుకోండి, వాళ్లకోసం రెండు పడకల బరువు ఏడాదంతా మోయడం దండగ. ఆ ఒకటి రెండు రాత్రులకు గది తీసుకుంటే సరిపోతుంది. అదే వాళ్లు ప్రతిసారీ వచ్చేవాళ్లయితే మంచం ఎత్తు దగ్గర్నుంచి అంతా మారిపోతుంది. కింద సామాను పెట్టుకోవడానికని చాలా వ్యాన్లలో వెనక మంచాన్ని మూడడుగుల ఎత్తుకు లేపుతారు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక కుటుంబం అలాంటి బండిని చూడటానికి వచ్చింది. అబ్బాయికి, కోడలికి తెగ నచ్చింది. పెద్దావిడ మంచానికి ఆనించిన చిన్న నిచ్చెనను చేత్తో ఊపి చూసి, "రాత్రి లేస్తే ఎట్ల దిగేదిరా నేను?" అంది. అంతే, వెనక మంచం ఆలోచన అక్కడితో ఆగిపోయింది. వాళ్లకు రెండు పక్కలా నిలువుగా, మోకాలెత్తున రెండు సింగిల్ మంచాలు, మధ్యలో నడవ గీసిచ్చాను. సామానుకు చోటు తగ్గింది. ఆవిడ మాత్రం ఎవరినీ లేపకుండా బాత్రూముకు వెళ్లి రాగలదు.

అపోహ: సోఫానే రాత్రికి మంచంగా మార్చుకుంటే చోటు ఆదా.

చోటు ఆదా అయ్యే మాట నిజమే. ఖర్చయ్యేది ఓపిక. బల్ల దించాలి, దిండ్లు సర్దాలి, దుప్పట్లు బయటికి తీయాలి, పొద్దున మళ్లీ అంతా యథాస్థానానికి చేర్చాలి. మూడు నాలుగు రోజులు ఒకేచోట మకాం వేసేవాళ్లు పొద్దెక్కాక తీరుబడిగా చేసుకోవచ్చు. రోజుకో ఊరు తిరిగేవాళ్లకు మాత్రం ఇది శిక్షే. ఊటీ బయల్దేరినవాళ్ల సంగతే చూడండి. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మైసూరు దాటేసరికి ఆలస్యమైతే గుండ్లుపేటలో ఆగిపోవాలి, మళ్లీ గేటు తీసే వేళకి కదలాలి. అలసిపోయి ఆగిన ఆ రాత్రి పరిచి ఉన్న మంచం ఉంటే ఆ సుఖమే వేరు.

అదీగాక, ఇద్దరిలో ఒకరు ఐదింటికే లేచి ఫిల్టర్ కాఫీ కలుపుకునేవాళ్లు, మరొకరు ఎనిమిదింటిదాకా పడుకునేవాళ్లు అయితే, కూర్చునే చోటు, పడుకునే చోటు వేరువేరుగా ఉండి తీరాలి. ముందు సీట్లు వెనక్కి తిరిగేవి వేయించుకుని మధ్యలో చిన్న బల్ల పెట్టుకుంటే, వెనక మంచం కదపకుండా ముందు కాఫీ తాగొచ్చు.

ఇక మంచం నిలువా (బండి పొడవునా), అడ్డమా (వెడల్పునా)? యూరప్ వ్యాన్లలో వెనక అడ్డమంచం విరివిగా కనిపిస్తుంది. వాళ్లు ఎక్కువగా వాడే ఫియట్ డుకాటో వెడల్పు 2,050 మిల్లీమీటర్లు, గోడలూ కాస్త నిటారుగా ఉంటాయి. మన టెంపో ట్రావెలర్‌లో అదే అడ్డమంచం ఆరడుగుల మనిషికి ఇరుకు. రేకు నుంచి రేకుకు కొలిచి మురిసిపోకండి. ఇన్సులేషన్, ప్లైవుడ్ పడ్డాక ఒక్కో పక్క అంగుళం, అంగుళంన్నర పోతుంది. మా షెడ్డులో నేలమీద మాస్కింగ్ టేపుతో పూర్తి సైజు ప్లాను అతికించి, ఆ గీతల మధ్య మనిషిని పడుకోమంటాం. మడమలు టేపు దాటితే ఇక వాదన ఉండదు. అదే టేపు మీద ఒకరు వంటగట్టు దగ్గర నిలబడితే, రెండోవాళ్లు తలుపుదాకా వెళ్లగలరా అన్నదీ చూస్తాం. టేపు రోలు ఖర్చే కాబట్టి మీ అపార్ట్‌మెంటు పార్కింగులో మీరే చేసుకోవచ్చు.

అపోహ: పెద్ద బాత్రూము ఉంటే ఎక్కడా ఆగనక్కర్లేదు.

ఇక్కడే విదేశీ ప్లాన్లు మనకు పనికిరాకుండా పోతాయి. బయటికి లాగి ఖాళీ చేసుకునే తొట్టి ఉన్నదే క్యాసెట్ టాయిలెట్, ఆ తొట్టి సుమారు 18 లీటర్లు. కాగితం వాడేవాళ్ల లెక్కతో చేసిన సైజు అది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుందని కంపెనీ చెప్పింది నమ్మి, మనవాళ్లు పక్కనే హెల్త్ ఫాసెట్ బిగిస్తారు. ఫ్లష్ నీళ్లు, కడుక్కున్న నీళ్లు కలిసి మనిషికి ప్రతిసారీ లీటరు, లీటరున్నర తొట్టిలోకే పోతాయి. నలుగురున్న ఇంట్లో అది సాయంత్రానికే నిండుతుంది. బాత్రూము గది ఎంత పెద్దదైనా తొట్టి పెరగదు.

నేను చెప్పే ఉపాయం: పగలు పెట్రోలు బంకులు, హోటళ్లు వాడుకోండి, బండిలోది రాత్రికి ఉంచండి. ఫాసెట్ బదులు చిన్న మగ్గు పెట్టుకోండి. విడి తొట్టి ఒకటి అదనంగా కొనండి. బండి అడుగున బిగించే మురుగు ట్యాంకు పెద్దది పెట్టించుకుందామంటారా, దాన్ని ఖాళీ చేసే చోటు దొరకాలిగా? మన దారుల్లో అలాంటి ఏర్పాట్లు అరుదు. క్యాసెట్ అయితే చేత్తో మోసుకెళ్లి, అడిగి, ఎవరి మరుగుదొడ్డిలోనైనా ఒంపి రావచ్చు.

స్నానానికి రెండున్నర అడుగులు బై మూడడుగుల గది చాలు, టాయిలెట్ అందులోనే. బకెట్టు, చిన్న పీట పట్టాలి, నీళ్లు ఒక మూలకు జారేలా నేల వాలుగా ఉండాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఆ నీళ్ల ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, కిందికి ఉండాలి.

అపోహ: వంటగది ఎక్కడున్నా ఒకటే.

ఎండుమిర్చి పోపు వేసే ఇంట్లో కానేకాదు. మూసిన వ్యాన్‌లో ఒక్క తాలింపుకు అందరూ దగ్గుతూ బయటికి పరిగెత్తడం ఖాయం. ఆ వాసన పరుపుల్లో రెండ్రోజులు ఉంటుంది. పొయ్యి తలుపు పక్కన, మంచానికి దూరంగా ఉండాలి, పైన రూఫ్ ఫ్యాన్ కావాలి. ఇంకా మేలు, వెనక తలుపు తీసి బయటికి లాగే వంటబల్ల. గ్యాసైతే 5 కిలోల సిలిండరు పెట్టే అరకు అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలకే చేరుతుంది.

అమెరికా ప్లాను కాపీ కొడితే ఇంకో తిరకాసు. వాళ్లు కుడివైపు నడుపుతారు, తలుపు కుడిపక్క ఉంటుంది. అదే ఇక్కడ పెడితే పిల్లలు లారీల ముందుకే దిగుతారు. మన తలుపు, బండి పక్కన నీడకు చాపే పందిరి ఎడమవైపు ఉండాలి, కాబట్టి ప్లాను మొత్తం అద్దంలో చూసినట్టు తిప్పాలి. తలుపు లోపల చెప్పులకు ఒక ట్రే చోటు వదలండి. ఏ విదేశీ ప్లానులోనూ అది ఉండదు, తడి చెప్పులు పదిమందివి నడవలో పడ్డప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అపోహ: బండి ఎంత పొడవైతే అంత సౌకర్యం.

జాతీయ రహదారి 44 మీద హైదరాబాదు దాకా అవును. కొండదారుల్లో మాత్రం కాదు. తమిళనాడులోనే చూడండి: ఊటీకెక్కే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు, వాల్పరైకి 40, కొల్లి హిల్స్‌కు 70. 4,020 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న ట్రావెలర్‌తో అలాంటి మలుపులు తిప్పేటప్పుడు వెనక్కి ముందుకు చేయాల్సొస్తే వెనకున్న బైకులవాళ్లు హారన్లు మోగిస్తారు. వెనక ఇరుసు అవతలికి వేలాడే భాగం వీల్‌బేస్‌లో 60 శాతం మించకూడదన్నది నిబంధన. ఆ భాగంలో కూర్చున్నవాళ్లకే ఊపు ఎక్కువ తగులుతుంది. వాంతులయ్యే పిల్లల సీట్లు ఇరుసుల మధ్యే ఉండాలి. బరువైన సామానూ అంతే.

అపోహ: బ్యాటరీ మీద ఏసీ రాత్రంతా నడుస్తుంది.

12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు రెండున్నర యూనిట్లు. కిలోవాటు ఏసీ ఆగకుండా తిరిగితే రెండు గంటల పైచిలుకు, కంప్రెసర్ ఆగి ఆగి తిరిగినా అది రాత్రంతా సరిపోదు. కప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు ఒకటిన్నర యూనిట్లు ఇస్తే గొప్ప. లేఅవుట్‌తో చేయగలిగింది ఒకటుంది: పడక భాగాన్ని మందపాటి తెరతో వేరు చేస్తే చల్లబరచాల్సిన గాలి సగమవుతుంది. చెన్నై వైపు సముద్రతీరం తిరిగేవాళ్లకు ఇది తప్పదు. కూర్గు, చిక్కమగళూరు మాత్రమే తిరిగేవాళ్లకు ఎదురెదురు కిటికీలు, రూఫ్ ఫ్యాన్ చాలు.

అపోహ: గోడలు బయటికి జరిగే స్లైడ్-అవుట్ ఉంటే ఇల్లే.

మన గుంతల రోడ్లకు, దుమ్ముకు, వానకు ఆ సీళ్లు నిలవవు. వద్దు.

అపోహ: వ్యాన్ కొని ఏ షెడ్డులోనైనా నచ్చిన లేఅవుట్ వేయించుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. మోటర్ కారవాన్లకు, అంటే ఇలాంటి మోటర్‌హోమ్‌లకే, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. ఆ ఆమోదం ఉన్న తయారీదారు దగ్గరే చేయించుకుని, ఆర్‌సీలో మోటర్ కారవాన్ అని పడిందో లేదో చూసుకోండి. ఆమోదం పొందిన ప్లానులో తర్వాత సీట్లు తీసేసి మంచం వేస్తామంటే క్లెయిము రోజున బీమావాళ్లు అడుగుతారు.

కొనేముందు మీకు నచ్చిన లేఅవుట్‌కు దగ్గరగా ఉన్న బండిని అద్దెకు తీసుకోండి. ఒక రాత్రి గండికోటలోనో హార్స్‌లీ హిల్స్‌లోనో ఉండండి, ఇంకో రాత్రి వాన పడేటప్పుడు తలుపులు మూసుకుని వండుకు తినండి. ఇంటికొచ్చాక దేనికి చెయ్యి అందలేదో, దేనికి తల తగిలిందో రాసి పంపిస్తే ప్లాను గీయడానికి నాకు అది చాలు.