ఒకే ప్రాసెసర్‌కి మూడు స్పీడులు

చిరంజీవులు అబ్బాయికీ పాపకీ, కందుకూరు నుంచి పెదనాన్న దీవించి రాయునది.

మీరు పంపిన ఫొటోలు చూశాను. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ అమ్మినతను 4.2 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేశానన్నాడు, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టినదానికన్నా ఎక్కువ స్పీడులో నడిచేలా మార్చానని. సిస్టమ్ పేజీలో చూస్తే 3.30 అని ఉంది. ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో అయితే ఏకంగా 1596 మెగాహెర్ట్జే, అంటే సుమారు 1.6 గిగాహెర్ట్జ్. మోసపోయామేమోనని మీ టెన్షన్. మోసమేమీ లేదబ్బయ్యా. మూడంకెలూ నిజమే, కాకపోతే మూడూ మూడు వేరే సంగతులు చెబుతున్నాయి.

3.30 అనేది కొలిచి చెప్పింది కాదు, పేరులో భాగం. మీ ప్రాసెసర్ చిప్ 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2500కె. ఆ పేరు, పక్కన 3.30తో సహా, ఫ్యాక్టరీలోనే చిప్‌లో రాసేశారు. విండోస్ అడిగినప్పుడల్లా అదే అప్పజెబుతుంది. 2022లో మన కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపిన కొత్తలో కూడా చాలా కొట్ల బోర్డుల మీద పాత జిల్లా పేరే ఉండేది చూడండి, ఇదీ అంతే.

అసలు స్పీడు వచ్చేది లెక్కలోంచి. భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డులో అన్నిటికీ తాళం వేసే బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. చిప్ దాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో హెచ్చవేసుకుంటుంది. 33 అయితే 3300, 42 అయితే 4200. పేరు చివర ‘కె’ ఉంటే ఆ మల్టిప్లయర్‌ను మనం పెంచుకోవచ్చని అర్థం. అతను 42 పెట్టాడు. కానీ పనేమీ లేనప్పుడు కరెంటు ఆదా కోసం చిప్ తనంతట తానే 16కి దిగిపోతుంది. మీరు ఫొటో తీసింది ఖాళీగా ఉన్నప్పుడు, అందుకే 1600 దగ్గర ఉంది. గేమ్ పెట్టి, పక్కన సీపీయూ-జెడ్ తెరిచి చూడండి. 16 ఉన్నచోటికి 42 వచ్చేస్తుంది.

మరి ఆ నాలుగు మెగాహెర్ట్జ్ ఎటు పోయాయంటారా? ఫొటోలో బస్ స్పీడ్, అంటే అదే బేస్ క్లాక్, 99.77 అని ఉంది. రేడియో తరంగాల గోల తగ్గించడానికి బోర్డు తన క్లాకును 100 నుంచి కాస్త కిందికి ఊపుతుంటుంది. 99.77ని 16తో హెచ్చవేయండి, 1596 వస్తుంది. పాప అడిగిన ర్యామ్‌లోనూ లోపం లేదు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాకుకి రెండుసార్లు డేటా పంపుతుంది. అందుకే 1333 అని అమ్మే ర్యామ్‌కి సీపీయూ-జెడ్‌లో అందులో సగం, 665 చూపించింది.

మా కాలంలో బేస్ క్లాకునే పెంచేవాళ్లు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చిప్‌కి మల్టిప్లయర్ నాలుగున్నర దగ్గర బిగించి ఉండేది. బస్ స్పీడును 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450లో పరిగెత్తేది. మీ చిప్‌తో ఆ పని చేయకండి. ఇందులో మిగతా భాగాల క్లాకులు కూడా అదే బేస్ క్లాకును పట్టుకుని ఉంటాయి, కొన్ని మెగాహెర్ట్జ్ పెంచినా గొడవే.

నా బెంగ అంకెల మీద కాదు, ఎండల మీద. చిప్ తినే కరెంటు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. 3.3 నుంచి 4.2కి వెళ్తూ వోల్టేజీ పదిశాతం పెంచారనుకోండి, వేడి సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ వేడిని ఫ్యాను గది గాలిలోకే కదా తోయాలి! డిసెంబరులో గది 28 డిగ్రీలుంటే, రోహిణీ కార్తెలో మీ మేడమీద గది 40 దాటుతుంది. ఆ పన్నెండు డిగ్రీలూ నేరుగా చిప్ మీదే పడతాయి. వంద డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చిందంటే చిప్ తనను తాను కాపాడుకోవడానికి మల్టిప్లయర్ తగ్గించేస్తుంది. అప్పుడు గేమ్ ఆడుతున్నా 42 కనబడదు. అలా తగ్గితే మాత్రం పట్టించుకోవాలి. అంత వేడిలో ఓవర్‌క్లాక్ చేసిన చిప్ లెక్కలు తప్పవచ్చు కూడా. కంప్యూటర్ ఆగిపోయి బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తుంది, చడీచప్పుడు లేకుండా ఫైళ్లు పాడైతే ఎప్పటికో గానీ తెలియదు.

అందుకని ఎండలు తగ్గేదాకా బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, అన్నీ మామూలు సెట్టింగులకి తెచ్చే లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ కొట్టేయండి. 4.2 లేకపోతే మీ హోంవర్కేమీ ఆగదు. ఫ్యాను మీద దుమ్ముంటే స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, మెత్తటి బ్రష్షుతో దులపండి. తర్వాత అరగంట గేమ్ ఆడి, టెంపరేచర్ ఎంత చూపిస్తోందో ఫొటో తీసి పంపండి. మీ నాన్నను మాత్రం బయోస్ జోలికి రానివ్వకండి.

మీ పెదనాన్న