దోమకు ఒక అణా

పిల్లలూ,

దసరా సెలవులైపోయి మీరంతా వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మేడ మీద చాపలు ఇంకా తీయలేదు. ఆ రాత్రి కరెంటు పోతే మీరు పైకెక్కి క్విజ్ ఆడుకున్నారు కదా, పెద్దోడు ప్రశ్న పూర్తి చేయకముందే ఇద్దరు ఒకేసారి అరవడం, చిన్నది నేనే ముందు చెప్పానని గొడవ పెట్టడం, నేను పక్కనే పడుకుని అంతా వింటూనే ఉన్నాను. మీకు తెలిసినన్ని సంగతులు మీ వయసులో నాకు తెలియవు. నిజంగా ముచ్చటేసింది.

మలేరియా దోమల వల్ల వస్తుందని కనిపెట్టిందెవరు అంటే రోనాల్డ్ రాస్ అని ఠక్కున చెప్పేశారు. ఏ ఊళ్ళో అంటే సికింద్రాబాద్ అని కూడా చెప్పారు. అప్పుడు నేనొక మాట అడిగాను, గుర్తుందా? "ఆ దోమ ఎవరిని కుట్టిందిరా?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఇంతలో మీ అత్త అన్నానికి పిలిచింది, మీరు దిగి వెళ్ళిపోయారు, నా ప్రశ్న మేడ మీదే ఉండిపోయింది. దానికి జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఇంకా చాలా గుర్తుకొస్తున్నాయి. కాస్త ఓపిగ్గా చదవండి.

అది 1897 ఆగస్టు. రాస్ అప్పుడు బేగంపేటలో సైన్యానికి డాక్టరు. దోమల్ని ఒక్కొక్కటిగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం ఆయన రోజూ చేసే పని. ఉక్కపోత చంపేస్తున్నా పంకా ఊపనిచ్చేవాడు కాదు, ఎందుకంటే ఆ గాలికి కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. నుదుటి మీద నుంచి, చేతుల నుంచి కారిన చెమటకి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దానికీ పగులు. ఇదంతా తర్వాత ఆయనే రాసుకున్నాడు. రెండేళ్ళు అలా చూడగా చూడగా ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో, మామూలుగా అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి చిన్న చిన్న గింజలున్నాయి, మలేరియా రోగి రక్తంలో కనిపించేలాంటివే. ఇప్పటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటున్నది అందుకే. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మరి ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుస్సేన్ ఖాన్ అనే ఒక మలేరియా రోగిది. దోమలతో కుట్టించుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు, దోమకు ఒక అణా చొప్పున డబ్బులిచ్చారు. అణా అంటే మీకు తెలియదు, రూపాయిలో పదహారో వంతు. ఒంట్లో జ్వరంతో ఉన్న మనిషి చెయ్యి చాచి దోమకి ఇచ్చాడు చూడండి, ఆ చెయ్యి లేకపోతే ఆగస్టు 20న మైక్రోస్కోపు కింద ఏముండేది? నేను 31 ఏళ్ళు బళ్ళో సోషల్ చెప్పాను. అన్నేళ్ళలో ఒక్క ప్రశ్నపత్రంలో కూడా హుస్సేన్ ఖాన్ పేరు నాకు కనబడలేదు. రాస్ గొప్పవాడు కాదని నేననడం లేదు, ఆయన పడ్డ కష్టం పైనే రాశాను కదా. కానీ ప్రతి జవాబు వెనకా ఇలాంటి రెండో మనిషి ఒకరు నిలబడి ఉంటారని నాకు గట్టి నమ్మకం. మీరు ఆ మనిషిని కూడా అడగాలని నా కోరిక.

సినిమాల రౌండులో మొదటి భారతీయ సినిమా అంటే 'రాజా హరిశ్చంద్ర', 1913, దాదాసాహెబ్ ఫాల్కే అని చెప్పారు. కరెక్టే. మరి అందులో తారామతి వేషం వేసింది ఎవరు? చంద్రమతిని అక్కడ తారామతి అంటారు. ఆ వేషం వేయడానికి ఒక్క ఆడమనిషీ ముందుకు రాలేదు, సినిమాలో కనబడటం అప్పట్లో అంత తప్పు మరి. చివరికి బొంబాయిలో ఒక హోటల్లో పనిచేస్తున్న అన్నా సాలుంకే అనే అబ్బాయిని ఫాల్కే చూశాడు. నెలకు పది రూపాయల జీతం వాడిది, పదిహేనిస్తానని తీసుకొచ్చాడు. మన దేశపు మొదటి హీరోయిన్ ఆ అబ్బాయే! 1917లో ఫాల్కే 'లంకాదహనం' తీసినప్పుడు రాముడిగానూ, సీతగానూ ఆ సాలుంకేయే వేశాడు.

ఇప్పుడు మన తెలుగు సంగతి చూడండి. మొదటి తెలుగు టాకీ, అంటే మాటలున్న సినిమా, 'భక్త ప్రహ్లాద', దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా వేసింది సురభి కమలాబాయి, నిజంగా ఒక స్త్రీ. ఎలా కుదిరింది అంటే ఆవిడ సురభి వాళ్ళ అమ్మాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన నాటక కుటుంబం అది. తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు అందరూ స్టేజీ ఎక్కేవాళ్ళు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆ కుటుంబం ఆడవాళ్ళకి వేదిక ఇచ్చింది. మా చిన్నప్పుడు సురభి నాటకం చూడటానికి మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఘటోత్కచుడు గాల్లోంచి దిగుతుంటే నేను ఆయన జుట్టు పట్టుకుని ఏడ్చానట. ఆ మాట వదిలేద్దాం, ఎంతైనా రాస్తాను దాని గురించి.

ఈ సినిమా విషయంలోనే మీకు ఒకటి ఒప్పుకోవాలి. 'భక్త ప్రహ్లాద' విడుదలైంది 1931 సెప్టెంబర్ 15న అని నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాను. పుస్తకాల్లో అలాగే ఉండేది, నేనూ మళ్ళీ చూడలేదు. తర్వాత సినిమా చరిత్ర మీద పనిచేసేవాళ్ళు పాత పేపర్లు, సెన్సార్ కాగితాలు తిరగేస్తే అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. అసలు సెన్సార్ సర్టిఫికెట్టే 1932 జనవరిలో ఇచ్చారు, అంతకుముందు ఎలా ఆడుతుంది? ఎంతమంది పిల్లలకి తప్పు చెప్పానో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాబట్టి మీ పుస్తకంలో 1931 అని ఉంటే పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సరైన తేదీ రాసుకోండి.

అలాంటిదే ఇంకోటి, హాకీ మన జాతీయ క్రీడ అన్నారు మీరు. నేనూ అదే చదువుకున్నాను. 2012లో లక్నోలో ఒక పాప, పదేళ్ళు ఉంటాయేమో, సమాచార హక్కు చట్టం కింద ఆ సంగతి ప్రభుత్వాన్నే అడిగింది. ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడా మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. దేశమంతా బట్టీపట్టిన ఒక జవాబుని మీ ఈడు పిల్ల ఒక్క కాగితంతో సరిచేసింది.

సినిమాల్లో ఇంకొక్క పేరు చెప్పి ఆటల్లోకి వెళ్తాను. 'ఆలం ఆరా' హిందీకి మొదటి టాకీ, 1931 మార్చి 14. తర్వాత అక్టోబర్ 31న 'కాళిదాస్' వచ్చింది, దాన్ని తమిళ మొదటి టాకీ అంటారు, కానీ అందులో హీరోయిన్ తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో జవాబిస్తాడు! ఆ తర్వాత మన 'భక్త ప్రహ్లాద'. ఈ మూడింట్లోనూ చిన్న చిన్న వేషాలు వేసిన కుర్రాడు ఒకడున్నాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి సినిమా పిచ్చితో బొంబాయి వెళ్ళినవాడు. ఎల్.వి. ప్రసాద్. హైదరాబాద్‌లో ఐమాక్స్‌కి వెళ్ళినప్పుడు పైన ప్రసాద్స్ అని చూశారే, ఆ ప్రసాద్ ఆయనే. మూడు భాషల మొదటి టాకీల్లో ఉన్న మనిషి మనవాడని క్విజ్‌లో అడిగితే ఎంతమంది చెప్తారో నాకు చూడాలనుంది.

ఆటల్లో కరణం మల్లీశ్వరి పేరు వెంటనే చెప్పారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ, సిడ్నీ, 2000. మా శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట పిల్ల. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. ఆ సిడ్నీలో మన దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. ఆవిడకి వచ్చింది కంచు. రెండు విభాగాల్లో ఆవిడ ఎత్తింది 110, 130, మొత్తం 240 కిలోలు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి 242.5, వెండి గెలిచిన హంగరీ అమ్మాయి కూడా 242.5. అంటే తేడా రెండున్నర కిలోలు, మన వంటింట్లో చిన్న బెల్లం దిమ్మంత! రెండో విభాగంలో చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5కి వెళ్ళింది. అది లేచి ఉంటే బంగారమే. లేవలేదు. అయినా వెండి చాల్లే అని చూసుకోకుండా ఆవిడ బంగారానికి చెయ్యి వేసిందే, నాకు అది చాలా ఇష్టం.

కానీ ఆటల్లో నాకు ఎక్కువ చెప్పాలనుంది ఫుట్‌బాల్ గురించి. మీ ప్రశ్నల్లో ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో తప్ప ఇంకోటి లేదు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక మాస్టారు ఉండేవాడు. నిజంగానే బడిపంతులు, పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. ఆయనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్, తర్వాత దేశం జట్టుకి కోచ్. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన నేర్పే పద్ధతి చూడండి, ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవాడట. రెండో కాలు కూడా పనికొచ్చేదాకా వదిలేవాడు కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని వాళ్ళ సొంత గడ్డ మీద 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచింది.

తర్వాత 1962, జకార్తాలో ఆసియా క్రీడలు. రహీంకి అప్పటికే కేన్సర్. మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. థాయ్‌లాండ్ మీద ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేసేవాడు. రహీం ఏం చేశాడంటే, తలకట్టుతోనే దింపి, డిఫెన్స్‌లో కాకుండా ముందుకి పంపాడు, గోల్ కొట్టమని. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం, ఒక్కరూ మనవైపు లేనట్టే. ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన తప్పుపట్టడంతో ఊరంతా మన మీద కోపంగా ఉంది. ఆ అరుపుల మధ్య పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఇంకో గోల్. 2-1. బంగారం. రహీం ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు, 1963 జూన్‌లో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారం రాలేదు, ఇన్నేళ్ళయినా.

ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది, అదీ సంతోషమే. కానీ ఇంటి పక్కన మైదానంలో తిరిగిన మనిషి గురించి మనకి బొంబాయి వాళ్ళు సినిమా తీసి చెప్పాల్సి రావడం నాకు కష్టంగా అనిపిస్తుంది.

జెండా ప్రశ్న కూడా ఉంది కదా. పింగళి వెంకయ్య, భట్లపెనుమర్రు, మచిలీపట్నం దగ్గర. ఆయనకి ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేర్లు చెప్తాను: వజ్రాల గనుల గురించి బాగా తెలుసు కాబట్టి డైమండ్ వెంకయ్య, పత్తి మీద పరిశోధన చేశాడు కాబట్టి పత్తి వెంకయ్య, 1913లో బాపట్లలో జపాన్ భాషలో ఉపన్యాసం ఇచ్చాడు కాబట్టి జపాన్ వెంకయ్య. 1916లోనే జెండా నమూనాలు ముప్ఫై వేసి పుస్తకం అచ్చువేయించాడు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా చూపిస్తే, మధ్యలో రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్ లాలా హంసరాజ్‌ది, తెలుపు రంగు కలపమన్నది గాంధీగారు. 1947 జూలై 22న రాట్నం పోయి ధర్మచక్రం వచ్చింది. ఎన్ని చేతులు పడ్డాయో చూడండి ఆ గుడ్డ మీద.

రామప్ప గుడి గురించి రెండే మాటలు. కట్టించింది 1213లో రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. లోపల దేవుడు రామలింగేశ్వరుడు. కానీ పేరు మాత్రం చెక్కిన శిల్పిదని చెప్తారు. నీళ్ళలో తేలే ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు, అవన్నీ మీకు తెలుసు. రాజులుండగా, సేనానులుండగా, దేవుడుండగా జనం ఉలి పట్టినవాడి పేరుతోనే ఎనిమిది వందల ఏళ్ళ నాటి గుడిని పిలుచుకుంటున్నారంటే నాకు ఆ జనం మీద గౌరవం కలుగుతుంది.

చెయ్యి నొప్పెడుతోంది, ఇక ఆపుతాను. సంక్రాంతికి మేమే హైదరాబాద్ వస్తున్నాం, అరిసెలు తెస్తాను. అప్పుడు బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర రాస్ పనిచేసిన భవనానికి నన్ను తీసుకెళ్ళండి. ఇన్నేళ్ళు పాఠం చెప్పానే గానీ నేను ఎప్పుడూ చూడలేదు. గోడ మీద రాస్ పేరు ఎలాగూ ఉంటుంది. హుస్సేన్ ఖాన్ పేరు ఎక్కడైనా ఉందేమో మనందరం కలిసి వెతుకుదాం.

ప్రేమతో,
మీ అమ్మమ్మ, నానమ్మ