కీళ్లవాతం మందులు: భయం ఎక్కడ ఉండాలి, ఎక్కడ అక్కర్లేదు

గుంటూరు కొత్తపేటలో ఓపీకి కూర్చుంటే రోజూ ఎవరో ఒకరు మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు టేబుల్ మీద పెట్టి అడిగే మాటే ఇది.

అపోహ: ఇది క్యాన్సర్ మందంట కదా సార్, ఒళ్లు గుల్ల చేస్తుందంట.

వాస్తవం: క్యాన్సర్‌కీ వాడతారు, కానీ అక్కడి డోసు వేరు. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే, మామూలుగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. నా టెన్షనంతా ఆ 'వారానికి' అన్న మాటతోనే. తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు, నోరంతా పుళ్లు, మజ్జిగన్నం కూడా మింగలేరు, చేతుల మీద ఎర్రటి చుక్కలు. కొడుకు సంచిలోంచి స్ట్రిప్పు తీస్తే పదింటిలో రెండే మిగిలాయి, బీపీ మాత్రతో పాటు రోజూ పొద్దున్నే వేశాడట పాపం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆస్పత్రిలో చేర్చి దీనికి విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇస్తే కోలుకున్నారు. అప్పట్నుంచీ చీటీ మీద వారం పేరు పెద్దక్షరాలతో రాస్తున్నా, ఇంట్లో దాన్ని 'మంగళవారం మాత్ర' అనే పిలవమంటున్నా. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఈ మాత్ర సంగతి తప్పకుండా చెప్పండి, రెండూ కలిస్తే ఇలాగే కణాలు పడిపోవచ్చు.

అపోహ: రక్తపరీక్షలు బాగుంటే మెథోట్రెక్సేట్ వల్ల ఇక ఏమీ రాదు.

వాస్తవం: లివర్‌కీ, కణాలకీ సరే. ఊపిరితిత్తులకి వచ్చే వాపు అరుదే గానీ ఆ రిపోర్టుల్లో కనపడదు. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం మొదలైతే మాత్ర ఆపి వెంటనే రండి.

అపోహ: దద్దుర్లకి అలర్జీ మాత్ర చాలు.

వాస్తవం: యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్లనొప్పి గౌట్‌కి అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి రెండు మూడు నెలల్లో అయితే చాలదు. మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన కారం ఘాటుకే ఒళ్లు మండుతోందనుకుని నాలుగు రోజులు అల్లోప్యూరినాల్ వేస్తూనే ఉన్నాడు. జ్వరం, ఎర్రబడిన కళ్లు, పెదాల మీద పుండ్లు తోడైతే అది ఎమర్జెన్సీ, రాత్రయినా ఆగకూడదు.

కీళ్లవాతానికే ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో చూపు పోతుందా? కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా, మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేయించుకుంటే ఆ భయం చాలావరకు తీరిపోతుంది.

అపోహ: స్టెరాయిడ్ చెడ్డది, ఇవాళే మానేస్తా.

వాస్తవం: నెలల తరబడి వాడి టక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, మెల్లగా తగ్గించాలి. పేరు లేని పొడి పొట్లం చూపించి "ఒక్కరోజులో నొప్పి పోయింది సార్" అంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడే, అందుకే దాన్నీ వెంటనే మానమనను, ఎన్నాళ్లుగా వాడుతున్నారో అడిగి ముందు బీపీ చూస్తా.